దయ్యానికి బొట్టు పెట్టిన రోజు

ఆ రోజుల్లో నాకు తెలిసిన బొమ్మలన్నీ మేకుకు వేలాడేవే. ఎరువుల దుకాణం వాళ్ళిచ్చిన లక్ష్మీదేవి, కిరాణా కొట్టు ఇచ్చిన వేంకటేశ్వరుడు, వెండి బంగారాల కొట్టు ఇచ్చిన సరస్వతీదేవి (మేం వాళ్ళ దగ్గర కొన్నది జన్మలో ఒక్క జత మెట్టెలే అయినా, ఏటా పిలిచి మరీ క్యాలెండరిచ్చిన ఆ పెద్దమనిషికి దేవుడు మేలు చేయాలి). చిన్నప్పుడు నాకు ఆయాసం. బడిలో సుద్దముక్క దుమ్ము ముక్కున పడితే చాలు, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. రెండో తరగతి సగంలో దవాఖానా డాక్టరమ్మ "కొన్నేళ్ళు ఇంట్లోనే ఉంచండి" అంది. ఆ కొన్నేళ్ళు పన్నెండేళ్ళయ్యాయి. బడికెళ్ళిన నాళ్ళూ దగ్గుతోనే సరిపోయి అక్షరాలు ఒంటబట్టలేదు, అందుకని అమ్మే నాకు బడి. ఆమె చదివింది ఐదో తరగతి. మా ఇంట్లో పుస్తకాలు లేవు గానీ, ఒక రేకుపెట్టె నిండా బంధువుల పెళ్ళిపత్రికలు ఉండేవి. అందరూ 'అ'తో మొదలుపెడితే నేను 'శ్రీరస్తు'తో మొదలుపెట్టాను. అమ్మ వేలు పెట్టి చూపిస్తే, చుట్టూ అరటి ఆకుల అంచు, పైన వినాయకుడు, కింద రెండు దీపాలు, వాటి మధ్య అక్షరాలు చదివేదాన్ని. దాంతో ఏ కాగితమైనా పైన దేవుడు, చివర్న 'సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేయ ప్రార్థన' ఉంటేనే పూర్తయినట్టని నా మనసులో నాటుకుపోయింది. (పదో తరగతి ప్రైవేటుగా కట్టినప్పుడు, స్నేహితురాలికి లేఖ రాయమన్న ప్రశ్నకు అలాగే ముగించాను. మార్కులు వేసిన ఆ మాస్టారెవరో గానీ, ఆయన సహృదయుడు.)

పందొమ్మిదో ఏట ఆయాసం నన్ను వదిలిపెట్టింది. అప్పటికి మా చిన్నమామ ఇచ్చిపోయిన పాత కంప్యూటరు మీద ఫోటోలు కత్తిరించి అతికించడం, అక్షరాలకు రంగులద్దడం నాకు నేనే నేర్చుకున్నాను. ఆ కాస్త విద్యను నమ్ముకుని అమ్మ నన్ను బాన్సువాడ బస్టాండుకు ఎదురుగా ఉన్న ఫ్లెక్సుల దుకాణానికి తీసుకెళ్ళింది. దుకాణం యజమానిని ఊరంతా పెయింటర్ కాక అనేది. ఒకప్పుడు పరంజా ఎక్కి, సినిమా హాళ్ళ ముందు ఇంటి ఎత్తు మొహాలు వేసినవాడు. ఫ్లెక్సులొచ్చి బ్రష్షు మూలన పడ్డా, చెవి మీద పెన్సిల్ మాత్రం దింపలేదు. ఆయనకు కంప్యూటరు రాదు. మౌసు పట్టుకోమంటే నిజం ఎలుకను పట్టుకున్నట్టే వేళ్ళు దూరంగా పెట్టి పట్టుకునేవాడు.

"సర్టిఫికెట్ ఏమున్నది బిడ్డా?" అన్నాడు. అమ్మ ముందుకొచ్చి, "మా పిల్లకు ఓపికున్నది కాకా" అంది. ఆయన నవ్వాడు. "ఓపిక మస్తు పెద్ద సర్టిఫికెట్. ఒక్క నెల చూస్త. కుదిరితే గీ కుర్చీ నీది. లేకుంటే నిజామాబాద్‌ల పని నేర్చిన పిల్లగాడొకడు నెల నుంచి ఫోన్లు చేస్తుండు, వాన్ని పిలుస్త. మనసుల ఏం పెట్టుకోకు."

పెట్టుకోకుండా ఎలా ఉంటాను? ఆ కుర్చీ గురించి చెప్పాలి మీకు. ప్లాస్టిక్‌ది, వెనక ఒక బద్ద విరిగింది, కూర్చుంటే ఎడమవైపు ఒరిగేది. కానీ కిటికీ పక్కన ఉండేది. ఆ కిటికీలోంచి బస్టాండు కనిపించేది. బీర్కూర్ బస్సులోంచి చెరుకుగడలతో దిగేవాళ్ళు, మద్నూర్ వైపు బస్సు దగ్గర మరాఠీలో పోట్లాడుకునేవాళ్ళు, నా ఈడు పిల్లలు పుస్తకాలు గుండెకు హత్తుకుని కాలేజీకి పరిగెత్తేవాళ్ళు. పన్నెండేళ్ళు ఒకే గదిలో పెరిగినదానికి ఆ కుర్చీయే బడి, కాలేజీ, తిరునాళ్ళు అన్నీ. రోజూ పొద్దున కంప్యూటరుకు దండం పెట్టుకుని, ఆ తర్వాత (ఎవరూ చూడకుండా) కుర్చీకి కూడా దండం పెట్టుకునేదాన్ని.

మూడు వారాలు నల్లేరు మీద బండిలా సాగింది. పెళ్ళి బ్యానర్లు, జాతర ఫ్లెక్సులు, నాయకుల పుట్టినరోజులు, శ్రద్ధాంజలులు. అన్నిటికీ పైన దేవుడు, కింద పిలుపు. నా చదువంతా అక్కరకొచ్చింది. నాలుగో వారం బుధవారం నాడు, మా పక్కనే ఉన్న సినిమా టాకీసు సేటు వచ్చాడు.

సేటు సొంతూరు మహారాష్ట్ర సరిహద్దున ఉన్న మద్నూర్. కంగారు ముదిరితే మాట మరాఠీలోకి జారేది. ఆ రోజు చంకలో ఒక తడి కాగితాల కట్టతో వచ్చి, దాన్ని బల్ల మీద ధన్‌మని పడేశాడు. "బర్బాద్ అయిన పెయింటర్ సాబ్! శుక్రవారం నుంచి దయ్యం సినిమా. పోస్టర్లు బస్సు మీదేసి పంపిండ్రు, తొవ్వల వాన. జొన్నరొట్టెలు అంటుకున్నట్టు అంటుకున్నయి సూడు. పోయినవారం సినిమాకు ఆటకు ఎనిమిది మంది. అండ్ల ఇద్దరు కూలర్ గాలికి పండనీకి వచ్చిండ్రు. గీ దయ్యం కూడ ముంచితే హాల్ వడ్ల గోదామే!"

కాక ఆ కట్టను పొరలు పొరలుగా ఊడదీశాడు. అన్నీ చిరిగిపోగా చివరికి ఒక్క ముక్క మిగిలింది. నాయిక మొహంలో పైసగం. విరబోసిన జుట్టు, నుదురు, రెండు కళ్ళు. ముక్కు దగ్గర చిరిగిపోయింది. సేటు తల పట్టుకున్నాడు. కాక మాత్రం ఆ ముక్కను వెలుతురుకు ఎత్తి, పెళ్ళిపిల్లను చూసినట్టు చూశాడు. "గిది సాలు సేటూ. భయానికి సగం మొకమే కావాలె. నోరు కనవడ్డదనుకో, నవ్వుతుందో ఏడుస్తుందో తెలిసిపోతది. తెలిస్తే ఇగ భయమేంది?" అని నా వైపు తిరిగాడు. "బిడ్డా, నెల పరీక్ష గిదే అనుకో. గీ పోస్టర్ చూసి జనం హాల్లకు వస్తే, కుర్చీ నీది."

నా గుండె ఎడమవైపు ఒరిగింది, అచ్చం ఆ కుర్చీలాగే. దయ్యాన్ని నేను చేయాలా? చీకట్లో పెరట్లోకి వెళ్ళాలంటే ఇప్పటికీ ఆంజనేయస్వామిని తోడు పిలిచే నేను! కానీ ఆ మధ్యాహ్నం కాక చెప్పిన పాఠం, బడికెళ్ళిన ఏ పిల్లకూ దొరికి ఉండదు. నేను అలవాటుగా అంచుకు పూలతీగ పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఖాళీగ వదిలెయ్. నల్లగ వదిలెయ్. పెండ్లి పోస్టర్ అంటే ఇల్లు సర్దినట్టు, ఎక్కడి సామాను అక్కడ కనవడాలె. దయ్యం పోస్టర్ అంటే దీపం లేని అర్ర. ఏమున్నదో మనం చెప్పద్దు. సూసెటోడే నింపుకుంటడు, వాని భయం వాడే తెచ్చుకుంటడు." కళ్ళు ఎక్కడ పెట్టాలో చూపించాడు. నల్లగుడ్డు సరిగ్గా నడుమ ఉండాలట. అప్పుడు ఎటు నడిచినా ఆ కళ్ళు మన వెంటే వస్తాయట. ఎరుపు ఒక్కచోటే ఉండాలన్నాడు. "అంతట పోసినవనుకో, మిర్చి ఆరబోసిన కల్లం అయితది. ఒక్క సుక్క. కన్ను ముందు గాడికే పోవాలె." అక్షరాలు సన్నగా, ఎడమెడంగా, ఒకటి కొంచెం కిందికి జారి ఉండాలి. "చెయ్యి వణుకుతుంటే రాసినట్టు." అన్నిటికన్నా ముఖ్యం, బస్టాండు మలుపులో బస్సు తిరిగేలోపు చూసినవాడి మనసులో పడిపోవాలి.

"ఇగ వెలుగు" అన్నాడు. "వెలుగు పైకెల్లి వస్తే దేవుడిచ్చిన వెలుగు, పొద్దు వెలుగు. మనకు అలవాటు. కిందికెల్లి వచ్చిందనుకో, తెలిసిన మొకం కూడ తెల్వని మొకం అయితది. సూస్తవా?" అంటూ కిటికీ తలుపు మూసి, ఫోను టార్చి గడ్డం కింద పెట్టుకుని కళ్ళు పెద్దవి చేశాడు. నేను వేసిన కేకకు అప్పుడే లోపలికొచ్చిన సేటు చేతిలో చాయ్ ఆయన ధోవతి మీదే ఒలికింది. "అగో, గదే!" అని కాక చంకలు గుద్దుకున్నాడు. "నువ్వు రోజు సూసే కాకనే కదా బిడ్డా! ఏం మార్చిన? ఒక్క వెలుగు మార్చిన."

మరునాడు కాక బ్యానరు కర్రలు పాతించడానికి మద్నూర్ వెళ్ళాడు. సాయంత్రానికి పోస్టర్లు అచ్చయి గోడలకెక్కాలి. దుకాణంలో నేను, కంప్యూటరు, ఆ రెండు కళ్ళు. పొద్దుటినుంచీ కాక చెప్పింది చెప్పినట్టు చేశాను. నలుపు వదిలాను. గుడ్లు నడుమకు తెచ్చాను. అక్షరాలు వణికించాను (దీనికి నా చెయ్యి పెద్దగా కష్టపడలేదు, అదే వణికింది). సినిమా పేరు ఒక ఆడమనిషి పేరు, అంతే. మిగిలింది మూడు చిక్కులు. మొదటిది ఎరుపు. కంటి నుంచి నెత్తురు కారితే బాగుంటుందని సేటు చెప్పాడు. ఆ పిల్ల కళ్ళు చూస్తే నాకు చేతులు రాలేదు. ఎవరు కన్న బిడ్డో, ఆ కంట్లో నేను నెత్తురు పెట్టడమేమిటి? పైగా ఆ నుదురు బోసిగా కనిపించింది. ఎరుపు ఒక్కచోటే అన్నాడు కదా కాక, ఒక్క చుక్కే అన్నాడు కదా! నుదుటి నడుమ గుండ్రంగా, రూపాయిబిళ్ళంత బొట్టు పెట్టాను. మొహానికి కళ వచ్చింది. రెండోది వెలుగు. కిందినుంచి వెలుగు వస్తున్నట్టు చేశాను గానీ, అది ఎక్కడినుంచి వస్తున్నట్టు? చూసినవాళ్ళు అడిగితే? అందుకని అడుగున, చిరిగిపోయిన ముక్కు ఉండాల్సిన చోటుకు కాస్త దిగువన, శుభకార్యాల ఫైలు నుంచి ఒక మట్టిప్రమిద తెచ్చి వెలిగించాను. చిరుగు కూడా చీకట్లో కలిసిపోయింది. మూడోది, అన్నీ అయ్యాక కూడా కాగితం పూర్తయినట్టు అనిపించలేదు. ఏదో లోటు. అన్నం వడ్డించి పిలవకుండా ఊరుకున్నట్టు. చాలాసేపు చూసి చూసి, చివరికి సన్నటి అక్షరాలతో కింద రాశాను: 'సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేయ ప్రార్థన'. అప్పుడు నా మనసు కుదుటపడింది. దేవుడికి దండం పెట్టుకుని అచ్చుకిచ్చాను. చీకటి పడేలోపు సేటు మనుషులు పోస్టర్లను బాన్సువాడలో, బీర్కూర్‌లో, పెద్ద కొడప్‌గల్‌లో, మద్నూర్‌లో అతికించేశారు.

శుక్రవారం పొద్దున్నే తలంటుకుని, కొత్త రిబ్బను కట్టుకుని దుకాణానికి వచ్చాను. బస్టాండు గోడ దగ్గర జనం కనిపించారు. పోస్టరు చూస్తున్నారన్నమాట అని పొంగిపోయాను. దగ్గరికెళ్తే అగరొత్తుల వాసన! నా దయ్యం నుదుటి మీద నేను పెట్టిన బొట్టుపైన ఎవరో నిజం కుంకుమ అద్దారు. రెండు చెంపల చోట (చెంపలు లేవు, చీకటే ఉంది) పసుపు రాశారు. కింద నా ప్రమిద బొమ్మ ముందు నిజం ప్రమిద. కొట్టిన టెంకాయ రెండు చిప్పలు. బీర్కూర్ బస్సు దిగిన ఆడవాళ్ళు గంపలు దించి, గోడను తాకి కళ్ళకద్దుకుని, చెంపలేసుకుని పోతున్నారు. "ఏ అమ్మవారో గని మస్తు మహిమున్నట్టుంది, ఎటు పోయినా మనల్నే సూస్తుంది" అంటోంది ఒకామె. నల్లగుడ్లను నడుమ పెట్టినది నేనేనని ఆమెకు చెప్పబోయి, ముందు కాక ఎక్కడున్నాడా అని చూశాను.

కాక అప్పటికే అక్కడున్నాడు. చెవి మీది పెన్సిల్ చేతిలోకి వచ్చింది. ఆయన పెన్సిల్ తీశాడంటే మనసు బాగా లేదని అర్థం. నన్ను దుకాణంలోకి పిలిచి మెల్లగా అడిగాడు.

"బిడ్డా, దయ్యానికి బొట్టు పెట్టినవా?"

"మొకం బోసిగ కనవడ్డది కాకా."

"దయ్యం బోసిగనే ఉంటది బిడ్డా! మరి దీపమేంది?"

"కిందికెల్లి వెలుగు రావాలన్నవు కదా. ఉత్తగనే ఎట్లొస్తది?"

కాక పెన్సిల్‌తో నెత్తి గోక్కున్నాడు. "సరే. ఇగ గీ సకుటుంబ సపరివార ఏంది? దయ్యాన్ని సూడనీకి పిల్లజెల్లను, అత్తమామలను తోల్కొని విచ్చేయాల్నా?"

నేను ఏడుపు మొదలుపెట్టాను. సరిగ్గా అప్పుడే సేటు పరిగెత్తుకొచ్చాడు. "అరే దేవా! కాయ్ కేలం హే! ఏం చేసినవ్ పిల్లా!" అని నెత్తి కొట్టుకుంటూ, ఆ వెంటనే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ (ఒకే మొహంలో ఏడుపూ నవ్వూ అంత పక్కపక్కన నేను మళ్ళీ చూడలేదు), "మ్యాట్నీకి ఇప్పట్నుంచే లైను కట్టిండ్రు పెయింటర్ సాబ్! అందరు ఆడోళ్ళే. టెంకాయలు తెచ్చిండ్రు, పూలు తెచ్చిండ్రు. గేటు కాడ చెప్పులు ఇడుస్తుండ్రు! నా హాల్ పుట్టినకాడికెల్లి ఎవరన్న చెప్పులు ఇడిచి వచ్చిండ్రా?"

నాకు ఏడుపు ఆగి, భయం పట్టుకుంది. ఇది వేరే భయం, వెలుగు ఎటునుంచి పెట్టినా పోనిది. వాళ్ళు అమ్మవారి సినిమా అనుకుని వస్తున్నారు. బొట్టూ దీపమూ చూసి వస్తున్నారు. చెప్పులు విడిచి వస్తున్నారు. "దేవుని పేరు మీద ఎవర్నీ తప్పుతోవ పట్టించొద్దు" అని అమ్మ చిన్నప్పటినుంచీ చెప్పేది. నేను తెలియక చేశాను, నిజమే. కానీ ఇప్పుడు తెలిసింది కదా. "కాకా, వాళ్ళకు నిజం చెప్పొస్త" అన్నాను. "నోరు తెరువకు బిడ్డా, నీ కాల్మొక్త!" అని సేటు నిజంగానే వంగబోయాడు. కాక ఆయన్ని ఆపి, నా కళ్ళలోకి చూశాడు. "నీ ఇష్టం. నేను పొమ్మన, వద్దన. కానీ జనం వస్తే కుర్చీ నీదన్న, గది నా మాట. నువ్వు చెప్తే జనం పోతరు. జనం పోతే, కుర్చీ కూడ పోతది. గది తెల్సుకొని పో."

టాకీసు మా దుకాణానికి నాలుగడుగుల దూరం. ఆ నాలుగడుగులూ నడుస్తుంటే పన్నెండేళ్ళ నా గది నన్ను వెనక్కి పిలుస్తున్నట్టే ఉంది. గేటు ముందు నిజంగానే చెప్పుల వరస. వాకిట్లో వందకు తక్కువ కాకుండా ఆడవాళ్ళు, పిల్లలు, మల్లెపూల వాసన. మెట్టెక్కి నిలబడ్డాను. ఎప్పుడో వదిలిపోయిన పిల్లికూతలు గొంతులో ఒక్కసారి పలకరించాయి. "అమ్మా..." అన్నాను. ఎవరూ వినలేదు. ఆట మొదలయ్యే ముందు టికెట్ల అబ్బాయి కొట్టే గంటను కర్రతో కొట్టాను. అందరూ తిరిగారు. "అమ్మా, గిది అమ్మవారి సినిమా కాదు. దయ్యం సినిమా. పోస్టర్ నేనే చేసిన. బొట్టు నేనే తప్పు పెట్టిన. తెల్వక చేసిన, నన్ను మన్నించుండ్రి. పోయెటోళ్ళు పోవచ్చు."

ముందు వరసలో బీర్కూర్ నుంచి వచ్చిన ఒక అవ్వ ఉంది. వరినాట్ల ముఠాకు పెద్ద. ముప్ఫై మందిని వెంటేసుకుని వచ్చింది. ఆమె నన్ను ఎగాదిగా చూసి, దగ్గరికొచ్చి, చెవిలో చెప్పినట్టు (కానీ వాకిలంతా వినిపించేలా) అంది:

"గంత గట్టిగ ఒర్రకు పిల్లా. మాకు తెల్సు."

"తెల్సా అవ్వా?"

"సదువు రాకున్నా కండ్లున్నయి కదా! గట్ల జుట్టు ఇరబోసుకొని చీకట్ల నిలవడేది ఎవరనుకున్నవ్? మా పిల్లలు ఎప్పటి సందో దయ్యం సినిమా సూస్తమని పానం తీస్తుండ్రు. దయ్యం సినిమకు పోతమంటే ఇంట్ల మొగోళ్ళు పంపుతరా? మా ముసలోడైతే 'నిన్ను సూస్తలేనా, ఇంక వేరే దయ్యమెందుకు' అంటడు. నువ్వు సల్లగుండ, బొట్టు పెట్టినవ్, దీపం పెట్టినవ్, సకుటుంబంగ రమ్మని రాసినవ్. మా కోడలు సదివి వినిపించింది. ముసలోడే బస్సెక్కించి, 'నా పేరు మీద గూడ టెంకాయ కొట్టు' అన్నడు!"

వాకిలి ఒక్కసారిగా గొల్లుమంది. అందరికీ తెలుసని కాదు. వెనక వరసల్లో కొందరు నిజంగానే అమ్మవారి కోసం వచ్చినవాళ్ళు, గుసగుసలాడుకున్నారు. అందులో ఒకామె, "చెప్పులు ఇడిచినం, టెంకాయ కొట్టినం. ఇగ లోపలెవరుంటే ఏంది, సూసే పోదాం" అంది. ఇద్దరు ముగ్గురు మాత్రం పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయారు. వాళ్ళకు నేను చేతులెత్తి దండం పెట్టాను, వాళ్ళూ నవ్వుతూనే పోయారు. గుంపులోంచి, చర్చికి వెళ్ళే మా వెనకింటి అక్క మొహం బయటపడింది. నన్ను చూసి కొంగు అడ్డం పెట్టుకుంది. "మా ఇంట్ల అమ్మవారి సినిమకూ పంపరు, దయ్యం సినిమకూ పంపరు. కుట్టుమిషన్ దారాలు కొననీకి పోతున్నని చెప్పి వచ్చిన. అమ్మకు చెప్పకు చెల్లె!"

అవ్వ నా చెయ్యి వదల్లేదు. "తప్పు ఒప్పుకున్నవ్, మంచిదే. ఇగ నడువ్, నా పక్కన కూసో. దయ్యం సినిమా ఎన్నడు సూసిందాన్ని కాదు, నాకూ భయమే" అని లాక్కుపోయింది. నేను చేసిన దయ్యాన్ని నేనే చూడాల్సి వచ్చింది. చూశానని అనలేను. సినిమాలో సగం నేను నా అరచేతిని చూశాను. కానీ ఆ హాల్లో వినిపించినంత నవ్వు, అరుపు, మళ్ళీ నవ్వు నేనెక్కడా వినలేదు. రోజుల తరబడి నాట్లు వేసి నడుములు విరిగినవాళ్ళు, ఒకరి ఒళ్ళో ఒకరు దూరి కేకలేస్తున్నారు. చివర్లో దయ్యం ఒక చిన్నపిల్ల గొంతు పట్టుకుంది. అప్పుడు అవ్వ ఇక పట్టలేక లేచి నిలబడి, కొంగు నడుముకు దోపి, తెరకేసి చెయ్యి చూపిస్తూ అరిచింది: "ఏయ్! ఇడువ్ పిల్లను! ఇడుస్తవా, రావాల్నా నేను?" ఆమె అదృష్టమో సినిమా అదృష్టమో, సరిగ్గా ఆ క్షణంలోనే దయ్యం పిల్లను వదిలేసి పొగై పోయింది. హాలంతా చప్పట్లు. అవ్వ ఎంతో హుందాగా కూర్చుని, నా చెవిలో అంది, "ముంగటనే చెప్తే ఇంత దూరం రాకపోవు కదా."

ఆ సినిమా ఎన్నాళ్ళు ఆడిందో ఊళ్ళో తలొక లెక్క చెబుతారు. సేటు వడ్ల గోదాము మాట మళ్ళీ ఎత్తకపోవడం మాత్రం నేను విన్నాను (వినకపోవడాన్ని విన్నాను అనవచ్చో లేదో, పెళ్ళిపత్రికల్లో నేర్చుకున్న తెలుగు, మీరే సర్దుకోండి). నేను మాత్రం శని, ఆదివారాలు అన్నం సయించక గడిపాను. జనం వచ్చారు, నిజమే. కానీ కాక చెప్పిన దయ్యాన్ని నేను చేయలేదు కదా. సోమవారం పొద్దున, రిబ్బను కట్టుకోకుండా, నా స్టీలు గ్లాసు తెచ్చుకుని పోదామని దుకాణానికి వెళ్ళాను. కాక లేడు. కుర్చీ కిటికీ దగ్గరే ఉంది. విరిగిన బద్ద చోట కొత్త చెక్క వేసి మేకులు కొట్టి ఉంది. ఆ చెక్క మీద నడుమన, ఇంకా తడి ఆరని రంగుతో, గుండ్రంగా, ఎర్రగా, ఒక్క బొట్టు.

వెనకనుంచి కాక గొంతు వినిపించింది. చేతిలో ఎన్నాళ్ళకో బయటికొచ్చిన బ్రష్షు. "నిలవడి సూస్తవేంది? రంగు ఆరినాక కూసో. చీరె కరాబైతది." తర్వాత, ఎప్పుడూ లేనిది, కాస్త తడబడ్డాడు. "నలభై ఏండ్ల సంది దయ్యాలను చేసిన బిడ్డా. భయపెట్టుడే తెల్సు. భయపడెటోనికి ఒక దీపం కూడ చూపించాలని నాకు తోచలే."

నేను చేసింది గొప్ప కళ అని కాక అనలేదు, నేనూ అనుకోలేదు. అదొక పొరపాటు, దాన్ని పదిమంది మంచి మనసులు చేతులు పట్టి ఒడ్డుకు చేర్చాయి. కానీ తర్వాత గుళ్ళో గర్భగుడి ముందు నిలబడ్డప్పుడల్లా కాక పాఠం గుర్తొస్తుంది. అక్కడా అంతే కదా. చుట్టూ చీకటి, ఒక్క దీపం, ముందుగా కనిపించేవి రెండు కళ్ళు, తర్వాత నుదుటి మీద ఎరుపు. మన పెద్దలు భయాన్నీ భక్తినీ 'భయభక్తులు' అని ఒకే మాటలో జంటగా ఊరికే కట్టలేదు. చీకట్లోకి మనిషిని రమ్మంటే రాడు. చీకట్లో ఒక చిన్న వెలుగుంది, క్షేమంగా తిరిగొస్తావు, నీవాళ్ళను కూడా తోడు తెచ్చుకో అంటే వస్తాడు. నా వెర్రి ప్రార్థన వాక్యం అంతకన్నా ఏం చెప్పింది?

ఏళ్ళు గడిచాయి. కాక పని మానుకుని, పొద్దున ఒకసారి వచ్చి నా పనికి వంకలు పెట్టి, చాయ్ తాగి వెళ్తాడు. దుకాణం నేనే నడుపుతున్నాను. ఇప్పుడు సినిమా పోస్టర్లు ఫోనులోనే తయారై వస్తాయి, నా చేతికి వచ్చేది అచ్చు వేయడమే. అయినా దయ్యం పోస్టరేదైనా వస్తే, దాని నలుపులో ఓ మూల, ఎవరికీ కనిపించనంత చిన్నదిగా, ఒక ప్రమిద పెట్టి గానీ పంపను. (సినిమా వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే మన్నించాలి.)

మొన్న వానలకు బస్టాండు గోడ మీద ఏళ్ళ తరబడి పేరుకున్న కాగితాల పొరలు ఊడిపోయాయి. చాయ్ కోసం బయటికొచ్చి చూద్దును కదా, ఆ పొరల అడుగున ఒక కన్ను, సగం నుదురు, వెలిసిపోయిన ఎర్ర బొట్టు. పక్కనే పూలమ్మే అవ్వ దాని మీద ఒక చామంతి గుచ్చింది. పందొమ్మిదేళ్ళ ఆ పిల్ల నాలో ఒక్కసారి ఉలిక్కిపడి లేచింది. ఆగలేకపోయాను.

"అవ్వా, అది అమ్మవారు కాదే. పాత సినిమల దయ్యం. నేనే చేసిన."

అవ్వ మూర కొలుస్తున్న చేతిని ఆపలేదు. "అయితేంది బిడ్డా? బొట్టు పెట్టుకున్నది కదా. గింత పువ్వుకు నోచుకోదా?"

ఎప్పుడైనా ఎవరికైనా నిజం చెప్పబోయి నేను గెలిచింది లేదు! నవ్వుకుంటూ ఒక మూర చామంతులు కొన్నాను. సగం తుంచి ఆ గోడ పగులులో పెట్టాను, తక్కిన సగం ఇంటికి తెచ్చి మేకుకు వేలాడే లక్ష్మీదేవికి పెట్టాను. ఎక్కువ తక్కువలు నాకు లేవు. ఇద్దరూ నాకు కుర్చీ వేసినవాళ్ళే.